మణికట్టు మీది పనితనం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ఖరీదైన చేతి గడియారాల గురించి ఇటీవల వచ్చిన ఉత్తరాలలో అయిదింటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాను. మాటలు వేరైనా దాదాపు అందరూ అడిగింది ఒక్కటే: రోజూ పెట్టుకోవడానికి పనికివచ్చేదీ, పనితనం నిండుగా ఉన్నదీ ఒకే వాచీలో దొరుకుతాయా అని. దెబ్బకు, చెమటకు, తేమకు ఓర్చుకునేలా చేసిన పనితనం ఒకటి, భూతద్దం పెట్టి చూసినప్పుడు కన్ను తిప్పుకోనివ్వని పనితనం ఇంకొకటి. ఈ రెండింటిలో తమకు ఏది ముందు కావాలో తేల్చుకున్నవారికి కొనడం సులువవుతుంది.

ప్రశ్న: నేను విద్యుత్ శాఖలో ఇంజనీరును. ఇరవై రెండేళ్ల ఉద్యోగం తరువాత ఒక మంచి వాచీ కొనుక్కోవాలని డబ్బు కూడబెట్టుకున్నాను. రోలెక్స్ డేట్‌జస్ట్, ఒమేగా ఆక్వా టెర్రా, గ్రాండ్ సీకో స్నోఫ్లేక్, ఈ మూడింటి దగ్గర ఆగిపోయాను. కొన్నాక బీరువాలో దాచను, రోజూ పెట్టుకుంటాను. ఏది తీసుకోమంటారు?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: మూడూ మంచివేనని చెప్పి తప్పుకుంటే మీకు అన్యాయం చేసినట్టే అవుతుంది కనుక ముందు నా అభిప్రాయం చెప్పి, తరువాత కారణాలు చెబుతాను. మీ ఉద్యోగానికి ఆక్వా టెర్రా తీసుకోండి.

బ్యాటరీ లేకుండా స్ప్రింగు బలంతో నడిచే మెకానికల్ వాచీకి ప్రాణం దాని బ్యాలెన్స్ చక్రం, దాన్ని లయ తప్పకుండా అటూ ఇటూ ఊగించేది వెంట్రుకంత సన్నని హెయిర్‌స్ప్రింగు. మీరు తిరిగే చోట మోటార్లు, జనరేటర్లు, రిలేలు ఉంటాయి. మామూలు ఉక్కు కలిసిన హెయిర్‌స్ప్రింగుకు అయస్కాంతం పట్టిందంటే దాని చుట్లు ఒకదానికొకటి అంటుకుంటాయి, స్ప్రింగు పొట్టిదైపోయినట్టు పనిచేస్తుంది, వాచీ రోజుకు నిమిషాల కొద్దీ ముందుకు పరుగెత్తుతుంది. అయస్కాంతాన్ని తట్టుకునే వాచీలకు అంతర్జాతీయ ప్రమాణం కోరేది సుమారు 60 గాస్ (అయస్కాంత బలానికి కొలమానం) మాత్రమే. ఆక్వా టెర్రా 15,000 గాస్ తట్టుకుంటుందని స్విట్జర్లాండ్ ప్రభుత్వ కొలతల సంస్థ అయిన మెటాస్ నిర్ణయించిన పరీక్షలో ధ్రువపడుతుంది. అంటే ఆసుపత్రులలో సాధారణంగా వాడే ఎం.ఆర్.ఐ. యంత్రం బలమంత అన్నమాట. ఇందుకోసం వారు వాచీ చుట్టూ ఇనుప కవచం కట్టలేదు. హెయిర్‌స్ప్రింగును సిలికాన్‌తో చేసి, మిగిలిన కీలక భాగాలను కూడా అయస్కాంతం పట్టని లోహాలతో చేశారు. అందుకే వెనుక మూతకు గాజు పెట్టగలిగారు, లోపలి యంత్రం మీకు కనిపిస్తుంది.

ఆక్వా టెర్రాలో నేను ఎక్కువగా గౌరవించేది మరొకటి ఉంది. స్ప్రింగు బలాన్ని టిక్కు టిక్కుమంటూ కొద్దికొద్దిగా వదిలే భాగాన్ని ఎస్కేప్‌మెంట్ అంటారు. రెండు శతాబ్దాలకు పైగా వాడుకలో ఉన్న పద్ధతిలో అక్కడ రాయి మీద లోహం జారుతుంది, జారేచోట నూనె కావాలి, నూనె ఎండిందంటే వాచీ నడక తప్పుతుంది. జార్జ్ డేనియల్స్ అనే ఆంగ్లేయుడు, వాచీని మొదటి ముక్క నుంచి చివరి ముక్క వరకు తన చేతులతోనే చేయగలిగిన మనిషి, ఈ జారుడును బాగా తగ్గించే కో-యాక్సియల్ పద్ధతిని కనిపెట్టి ఏళ్ల తరబడి కంపెనీల తలుపులు తట్టాడు. చివరికి ఒమేగా 1999లో దాన్ని అమ్మకపు వాచీలోకి తెచ్చింది. ఒక్క మనిషి బల్ల మీద పుట్టిన ఆలోచన వేల మంది చేతుల మీదికి చేరడం ఈ రంగంలో చాలా అరుదు.

డేట్‌జస్ట్ సంగతికి వస్తే, రోజూ పెట్టుకునే వాచీ ఎలా ఉండాలన్న ప్రశ్నకు అది 1945 నుంచి ఇస్తున్న జవాబు పెద్దగా మారలేదు. మరలాగా బిగుసుకునే కీ, 100 మీటర్ల నీటి ఒత్తిడిని తట్టుకునే కేసు, శుక్రవారం రాత్రి తీసిపెట్టినా సోమవారం ఉదయానికి నడుస్తూనే ఉండేలా 70 గంటల నిల్వ, రోజుకు రెండు సెకన్లకు మించని తేడా, ఇవన్నీ ఉన్నాయి. అయితే వేసవిలో మన ప్రాంతంలో పెట్టుకునేవారికి నేను ముందు చూపించేది వీటిలో ఏదీ కాదు, దాని చెయిను కొక్కెం దగ్గర మడిచి పెట్టిన ఒక చిన్న లింకు. మధ్యాహ్నం ఎండకు మణికట్టు ఉబ్బి చెయిను బిగుసుకున్నప్పుడు ఆ లింకును విప్పితే సుమారు 5 మిల్లీమీటర్ల వదులు వస్తుంది. పనిముట్టు అవసరం లేదు, దుకాణానికి వెళ్లనక్కరలేదు. వాడే మనిషి రోజంతా ఎలా గడుపుతాడో ఆలోచించి చేసిన పని అది. మీరు ఆఫీసులో బల్ల దగ్గర కూర్చునే ఉద్యోగి అయి ఉంటే, 36 మిల్లీమీటర్ల డేట్‌జస్ట్ తీసుకోమని సందేహం లేకుండా చెప్పేవాణ్ణి.

ఇక స్నోఫ్లేక్. కంటికి కనిపించే పనితనంలో ఈ మూడింటిలో అదే మేలైనదని నా నమ్మకం. ఒక మిత్రుడి వాచీని ఉదయపు ఎండలో కిటికీ పక్కన పట్టుకుని పావుగంట సేపు చూశాను. జపాన్‌లోని నగానో ప్రాంతంలో, దాన్ని తయారుచేసే కర్మాగారం చుట్టూ ఉన్న కొండల మీది మంచును తలపించేలా దాని డయలుకు ఒక గరుకుదనం ఇచ్చారు. గాలికి అలలు దేరి గట్టిపడ్డ మంచులాగే ఉంటుంది. దాని మీద నీలిరంగు సెకన్ల ముల్లు ఆగి ఆగి దూకదు, నూనె మీద జారినట్టు సాగిపోతుంది. ఆ నీలం రంగు పూసింది కాదు, ఉక్కును వేడిచేసినప్పుడు దానంతట అదే వచ్చే రంగు. ముల్లు అలా సాగడానికి కారణం స్ప్రింగ్ డ్రైవ్ అనే యంత్రం. అందులో బలమిచ్చేది మామూలు వాచీలలోలాగే చుట్టుకున్న స్ప్రింగే. టిక్కు టిక్కుమనే ఎస్కేప్‌మెంట్ ఉండవలసిన చోట మాత్రం సెకనుకు 8 సార్లు తిరిగే ఒక చక్రం ఉంటుంది. అది తిరుగుతూనే కొంచెం విద్యుత్తు పుట్టిస్తుంది, ఆ విద్యుత్తుతో ఒక క్వార్ట్జ్ స్ఫటికం కంపిస్తుంది, ఆ కంపనంతో పోల్చి చూసి చక్రం వేగాన్ని అయస్కాంతపు బ్రేకుతో అదుపు చేస్తారు. బ్యాటరీ ఉండదు. తేడా రోజుకు ఒక సెకను లోపే ఉంటుంది. విద్యుత్ ఇంజనీరుగా మీకు ఇది చదవగానే ముచ్చట వేసి ఉంటుందని నాకు తెలుసు.

అయినా మీకు దీన్ని ఎందుకు వద్దంటున్నానంటే, బ్రేకే అయస్కాంతంతో పనిచేసే వాచీని రోజూ మోటార్ల పక్కకు తీసుకుపోవడం నాకు నచ్చలేదు. ఇంకొక కారణం దాని మెరుగు. దాని కేసులోని అద్దంలాంటి ముఖాలను జరాట్సు పద్ధతిలో, తిరిగే పళ్లెం చదును వైపున చేత్తో అదిమి పట్టి తీరుస్తారు. సలాజ్ అనే పేరున్న మెరుగుపెట్టే యంత్రాలు జపాన్‌కు వెళ్లి, వాళ్ల నోట పలికి పలికి జరాట్సు అయ్యాయి. అలా తీర్చిన ముఖంలో గీతల కాగితం ప్రతిబింబం చూస్తే ఒక్క గీత కూడా వంకరపోదు. మీ ప్యానెల్ తలుపు అంచు ఒకసారి తగిలితే ఆ ముఖం మీద పడే గీతను ఊళ్లోని మెరుగు యంత్రం బాగుచేయలేదు, చెడగొడుతుంది. అది తయారైన చోటికే చేరాలి.

ప్రశ్న: కళాశాల అధ్యాపకురాలిగా వచ్చే ఏడాది పదవీ విరమణ చేస్తున్నాను. నా సంపాదనతో నాకోసం నేను కొనుక్కునే మొదటి విలువైన వస్తువు వాచీ కావాలని కోరిక. చీరకు, గాజులకు నప్పేలా నలుపలకల వాచీ కావాలి. కార్టియే ట్యాంక్, జెజె లకూల్ట్ర్ రివర్సో రెండూ నచ్చాయి. నా వంటి వారికి ఏది మేలు?
– పేరు ప్రకటించవద్దని కోరిన పాఠకురాలు, హన్మకొండ

జవాబు: మీ కోరిక చదివి సంతోషించానమ్మా. ఒక చిన్న సవరణ, ఆ కంపెనీ పేరు జేజర్ లకూల్ట్ర్ అని రాస్తారు.

రివర్సో పుట్టుకకు మన దేశంతో సంబంధం ఉంది. ఆంగ్లేయుల కాలంలో ఇక్కడ పోలో ఆడే సైనికాధికారుల వాచీ అద్దాలు కర్ర తగిలి, బంతి తగిలి పగిలిపోయేవి. ఆటలో పగలని వాచీ కావాలని వారు అడిగిన మాట స్విట్జర్లాండ్ చేరింది, 1931లో డయలును పక్కకు జరిపి బోర్లించగలిగే ఈ కేసుకు పేటెంటు కోరారు. ఆ జారుడును మీరు స్వయంగా చేసి చూడాలి. పెట్టె సొరుగులా జరిగి, తిరగబడి, చిన్న చప్పుడుతో చోటులో కూర్చుంటుంది, ఎక్కడా వదులు ఉండదు. గాజులు వేసుకునేవారికి నేను దీన్నే సూచిస్తాను. ఎందుకంటే పని చేసేటప్పుడు డయలును లోపలికి తిప్పుకుంటే గాజులు తగిలేది లోహపు వీపుకే. ఆ వీపు మీద అక్షరాలు చెక్కించుకోవచ్చు. తెలుగులో చెక్కించుకోండి. మన అక్షరాల గుండ్రదనం ఆ నలుపలకల మధ్య ఎంతో అందంగా ఉంటుంది.

అయితే చేత్తో కీ ఇచ్చే రివర్సోను దాదాపు ప్రతిరోజూ గుర్తుపెట్టుకుని కీ ఇవ్వాలి, దాదాపు 42 గంటలకు ఆగిపోతుంది. అది ఇబ్బంది అనుకుంటే ట్యాంక్ వైపు చూడండి. 1917లో రూపుదిద్దుకున్న ఈ వాచీలో రెండు వైపులా నిలువుగా సాగే కడ్డీలే కేసుకూ పట్టీకీ వంతెన అయ్యాయి. గీత ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలియదు. ట్యాంక్ రకాల్లో ఒకటైన ట్యాంక్ మస్ట్‌లో 2021లో వచ్చిన సౌరశక్తి రకం అంకెల సన్నని చీలికల గుండా వెలుతురు తీసుకుంటుంది, అందులోని బ్యాటరీ 16 ఏళ్లు నిలుస్తుందని కంపెనీ చెబుతోంది.

రెండింటి మీదా 30 మీటర్లు అని రాసి ఉంటే దాన్ని చూసి నీళ్లలో ముంచకండి. చేతి మీద చినుకులు పడితే ఫరవాలేదని మాత్రమే దాని అర్థం. తోలు పట్టీ మన ఉక్కపోతకు త్వరగా పాడవుతుంది. రెండు పట్టీలు పెట్టుకుని మార్చి మార్చి వాడండి, చెమట పట్టినదాన్ని నీడలో ఆరబెట్టండి.

ప్రశ్న: ఎ. లాంగే అండ్ జోన్ అనే జర్మన్ కంపెనీ వాచీ ఒకటి దుకాణంలో చూశాను. ధర విని నోట మాట రాలేదు. రోలెక్స్ కన్నా ఇంత ఎక్కువ ధర పెట్టడానికి అందులో ఏముంది? పేరుకేనా ఈ డబ్బంతా?
– ఒక సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాదు

జవాబు: పేరుకు కాదు. ఏముందో చూపించడానికి మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. మా నాన్నగారు ఒక చిన్న ఊళ్లో వాచీలు బాగుచేసేవారు. నేను చూస్తానని మారాం చేస్తే, కంటికి బిగించుకునే భూతద్దం నాకిచ్చి, విప్పిన వాచీలోని ఒక వంతెన ముక్కను, అంటే చక్రాలను పట్టి ఉంచే పలకను, పట్టకారుతో పట్టి దీపం కింద తిప్పేవారు. చూడవలసింది మధ్య భాగం కాదు, అంచు అనేవారు. ఆయన చేతికి వచ్చినవి ఎక్కువగా హెచ్.ఎమ్.టి. వాచీలే, అంచులు సాదాగా ఉండేవి. ఎప్పుడో ఒక పాత స్విస్ వాచీ వచ్చినప్పుడు మాత్రం అంచు పొడవునా సన్నని వెండి దారంలా ఒక మెరుపు పరుగెత్తడం చూశాను.

ఆ మెరుపే మీరు అడిగిన ధరలో పెద్ద భాగం. లోహపు పలక అంచును ఏటవాలుగా ఆకురాయితో తీసి, సన్నని పొడితో రుద్ది మెరుగుపెడతారు. బయటికి తిరిగిన మూలలను యంత్రం కూడా తీయగలదు. లోపలికి ముడుచుకున్న మూల దగ్గర, రెండు ఏటవాలు అంచులు ఒక గీతలో కలిసే చోట, గుండ్రంగా తిరిగే యంత్రపు పనిముట్టు మూల చివరి దాకా పోలేదు, అక్కడ గుండ్రదనం మిగిలిపోతుంది. ఆ మూల సూదిమొనలా తేలిందంటే అక్కడ చేయి పడిందని అర్థం. స్విట్జర్లాండ్‌లోని వలే ద జూ లోయలో ఈ మెరుగుకు జెన్షియన్ అనే కొండమొక్క ఎండు కాడను వాడతారు. ఆ లోయకు చెందిన వాచీల పనివాడు ఫిలిప్ దుఫూర్ 2000లో తెచ్చిన సింప్లిసిటీ అనే వాచీలో గంటలు, నిమిషాలు, సెకన్లు తప్ప మరేమీ లేదు. అంచుల పని కోసమే లోకం ఆయన వాకిట నిలబడింది. మొత్తం సుమారు 200 మాత్రమే చేశాడు.

లాంగే విషయంలో ఇంకొంత ఉంది. వారు ప్రతి వాచీని పూర్తిగా బిగించి, సమయం సరిచేసి, మళ్లీ మొత్తం విప్పుతారు. విప్పిన భాగాలకు తుది మెరుగు పెట్టి, శుభ్రంచేసి, రెండోసారి బిగిస్తారు. యంత్రంలో దాదాపు ముప్పావు భాగాన్ని కప్పే ముప్పావు పలకను జర్మన్ సిల్వర్‌తో చేస్తారు. రాగి, నికెల్, జింకు కలిసిన ఆ లోహానికి పైపూత వేయరు, అందుకని ఒక్క వేలిముద్ర పడినా మచ్చ నిలిచిపోతుంది, ఏళ్లు గడిచేకొద్దీ మాత్రం తేనెరంగు పడుతుంది. బ్యాలెన్స్ చక్రాన్ని పట్టి ఉంచే చిన్న ముక్క మీద పూల నగిషీ చేత్తో చెక్కుతారు. ఒకే పువ్వును ఇద్దరు చెక్కితే ఒకేలా ఉండదు, ఎవరు చెక్కారో అక్కడివారు చూసి చెప్పగలరు. కరీంనగర్ వెండి తీగపని చేసేవారిని అడిగితే ఈ మాట వారూ చెబుతారు.

ఆ కంపెనీ కథ కూడా తెలుసుకోదగినది. జర్మనీలోని గ్లాస్‌హ్యూటె అప్పట్లో గనులు వట్టిపోయి పేదరికంలో ఉన్న ఊరు. ఫెర్డినాండ్ అడాల్ఫ్ లాంగే 1845లో సాక్సనీ ప్రభుత్వం ఇచ్చిన అప్పుతో అక్కడి యువకులకు ఈ విద్య నేర్పించి పని పెట్టించాడు. రెండో ప్రపంచ యుద్ధం చివరి రోజైన 1945 మే 8న బాంబులు కర్మాగారం మీద పడ్డాయి, మూడేళ్లకు ప్రభుత్వం కంపెనీని స్వాధీనం చేసుకుంది. జర్మనీ మళ్లీ ఒక్కటయ్యాక వాల్టర్ లాంగే 1990 డిసెంబరు 7న, ముత్తాత మొదలుపెట్టిన రోజుకు సరిగ్గా 145 ఏళ్లకు, కంపెనీని తిరిగి నమోదు చేశాడు. అప్పటికి ఆయన చేతిలో ఒక్క వాచీ కూడా లేదు. 1994లో లాంగే 1 అనే వాచీ బయటికి వచ్చింది.

కానీ రోజూ పెట్టుకోవడానికి అడిగితే నేను వద్దనే అంటాను. మెట్రోలో కడ్డీ పట్టుకుని, మధ్యాహ్నం చెమటలో తిరిగి, చేయి కడుక్కునే జీవితానికి బంగారు కేసు, తోలు పట్టీ కుదరవు. లాంగేలోనే ఉక్కుతో చేసిన, 120 మీటర్ల ఒత్తిడిని తట్టుకునే ఒడిస్సియస్ 2019 నుంచి ఉంది. ఆ డబ్బు నిజంగా మీ దగ్గర ఉండి, రోజూ పెట్టుకోవాలన్న పట్టుదల కూడా ఉంటే దాన్ని చూడండి. లేకపోతే దుకాణానికి వెళ్లి లాంగే 1 వెనుక వైపును భూతద్దంతో చూపించమని మర్యాదగా అడగండి. కొనకపోయినా చూడవలసిన పని అది.

ప్రశ్న: బ్యాటరీతో నడిచే వెయ్యి రూపాయల క్వార్ట్జ్ వాచీ లక్షల వాచీ కన్నా సరిగ్గా సమయం చూపిస్తుందంటారు. నిజమేనా?
– ఒక విద్యార్థి, రాజమహేంద్రవరం

జవాబు: నిజమే. 1969 డిసెంబరు 25న సీకో తొలి క్వార్ట్జ్ చేతి గడియారాన్ని అమ్మకానికి పెట్టిన నాటి నుంచి కచ్చితత్వంలో మెకానికల్ వాచీ వెనకబడే ఉంది. మెకానికల్ వాచీ కచ్చితత్వానికి ఇచ్చే స్విస్ క్రోనోమీటర్ ధ్రువపత్రమే రోజుకు 4 సెకన్లు వెనక్కీ 6 సెకన్లు ముందుకూ ఒప్పుకుంటుంది. సరైన సమయమూ పనితనమూ రెండూ ఒకే చోట కావాలంటే గ్రాండ్ సీకోవారి 9ఎఫ్ క్వార్ట్జ్ యంత్రం ఉన్న వాచీని చూడండి. తేడా ఏడాదికి 10 సెకన్లు మించదు, ముళ్లూ డయలూ వారి మెకానికల్ వాచీలకు ఏమాత్రం తీసిపోవు. ఖరీదైన వాచీలలో క్వార్ట్జ్‌ను తక్కువ చేసి మాట్లాడేవారితో నేను ఏకీభవించను.

ప్రశ్న: ఇక్కడ వాడిన వాచీలు మంచి ధరకు దొరుకుతాయి. పదిహేనేళ్ల నాటి డేట్‌జస్ట్ ఒకటి కొత్తదానిలా మెరుస్తోంది. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, డాలస్, అమెరికా

జవాబు: అంతగా మెరుస్తోందనే నా అనుమానం. పదిహేనేళ్లు చేతి మీద తిరిగిన ఉక్కు మీద గీతలు ఉండాలి. లేకపోతే ఎవరో మెరుగు యంత్రం మీద పట్టి ఉంటారు. ఒకసారి పట్టినా పైపొర కొంత పోతుంది, మూడు నాలుగు సార్లు పట్టేసరికి పట్టీ కలిసే కొమ్ములు సన్నబడతాయి, వాటి అంచులు సబ్బు అరిగినట్టు గుండ్రబడతాయి. పోయిన లోహం తిరిగి రాదు. రెండు వైపుల కొమ్ములను ఎదురుగా పెట్టి మందం సమానంగా ఉందో లేదో చూడండి. గరుకు ముఖమూ అద్దపు ముఖమూ కలిసే గీత స్పష్టంగా ఉండాలి, చెరిగినట్టు ఉండకూడదు. చెయినును అడ్డంగా పట్టుకుంటే ఎంత వంగి వేలాడుతుందో చూడండి, లింకుల అరుగుదల అక్కడ తెలుస్తుంది. చిన్న చిన్న గీతలున్నా అంచులు పదునుగా ఉన్న వాచీ దొరికితే, మెరిసేదాన్ని వదిలి దానినే తీసుకోండి.

సర్వీసు చేయించినప్పుడు మెరుగు పెట్టవద్దని కాగితం మీద రాయించుకోండి. పాత వాచీలో నీటిని ఆపే రబ్బరు వలయాలు గట్టిపడి ఉంటాయి, కనుక కొన్న వెంటనే వాటిని మార్పించి ఒత్తిడి పరీక్ష చేయించండి. అది పూర్తయ్యే దాకా, వాచీ మీద 100 మీటర్లు అని రాసి ఉన్నా సరే, చేతులు కడుక్కునే ముందు తీసి పక్కన పెట్టండి.